‘ఎలాస్టిక్ కరెన్సీ’: వ్యాకోచమా, స్థితిస్థాపకమా?

అమెరికా ఫెడరల్ రిజర్వు చట్టాన్ని ప్రతినిధుల సభలో నడిపించిన కార్టర్ గ్లాస్ పత్రాల్లో, 1913 నాటి ఫైళ్లకు తెలుగు సూచిక కావాలి. ఆ చట్టం శీర్షికలో ‘ఎలాస్టిక్ కరెన్సీ సమకూర్చడానికి’ అన్న ముక్క గుర్తుంది, ముందూ వెనకా గుర్తు లేవు. దీన్ని ‘వ్యాకోచ ద్రవ్యం’ అనొచ్చా?

— ముందు రిజర్వు బ్యాంకుల స్థాపన, వెనక వాణిజ్య పత్రాల రీడిస్కౌంటు (బ్యాంకులు కొన్న వర్తక హుండీలను రిజర్వు బ్యాంకు మళ్లీ వాటి దగ్గర కొనడం), ఆపైన బ్యాంకుల పర్యవేక్షణ. ‘వ్యాకోచ’ నిక్షేపంగా అనొచ్చు. ‘డిమాండ్ వ్యాకోచత్వం’ డిగ్రీ పుస్తకాల్లో ఉన్నదే.

— అక్కడ ఉన్నా ఇక్కడ అతకదండీ. వ్యాకోచమంటే విచ్చుకోవడమే. అప్పటి కరెన్సీ పోరులో సగం ముడుచుకోవడం గురించి. నేషనల్ బ్యాంకుల నోట్లకు పూచీ ప్రభుత్వ బాండ్లు. కోతల కాలంలో నగదు అడిగితే నోట్లు పెరిగేవి కావు. పంట అమ్ముడయ్యాక తగ్గుదామన్నా, బ్యాంకులన్నీ కలిపి నెలకు 30 లక్షల డాలర్లకు మించి ఉపసంహరించకూడదని 1882 చట్టం అడ్డు. 1908 ఆల్డ్రిచ్–వ్రీలాండ్ చట్టం అత్యవసర నోట్ల మీద ఏటా 5 శాతం లెక్కన పన్ను మొదలెట్టి, నెలనెలా ఒక్కో శాతం పెంచి 10 దాకా తీసుకుపోయింది. నోట్లను వెనక్కి రప్పించే ఉపాయమది. ‘వ్యాకోచ’లో ఆ వెనక్కి రావడం ఏది?

— అందుకే ‘స్థితిస్థాపక’. లాగితే సాగి, వదిలితే మొదటికొస్తుంది.

— ఏ మొదటికి? రబ్బరుకు సొంత కొలత ఉంటుంది, చెలామణీకి ఉండదు. 1913 చట్టంలో నోటు వెనక 40 శాతం బంగారం, దానికితోడు నోటు విలువకు సరిపడా వర్తక హుండీల తాకట్టు. హుండీ గడువు 90 రోజులు, వ్యవసాయానిదైతే 6 నెలలు. బాకీ తీరితే ఆ నోటుకు ఆసరా పోయినట్టే. పైగా ఒక రిజర్వు బ్యాంకు ఇంకోదాని నోటును మళ్లీ బయటికిస్తే 10 శాతం పన్ను. పుట్టింటికే పంపాలి. ‘సంకోచవ్యాకోచ ద్రవ్యం’ అనండి, పొడుగైనా సరే.

— ‘ద్రవ్యం’ కూడా వద్దు, అందులో డిపాజిట్లూ వస్తాయి. శ్రీనాథుడి ‘టంకం’ ఉండగా వేరే ఎందుకు? ‘దీనార టంకాల దీర్థమాడించితి దక్షిణాధీశు ముత్యాలశాల’. టంకశాల ఇంకా వాడుకలో ఉంది కదా.

— టంకం లోహం, కాగితానికి నప్పదు. పైగా ఆ పాదంలో దీనారాలు వేరు, టంకాలు వేరు.

— కాదండీ, దీనారమనే టంకం. టంకమంటే ముద్ర పడిన నాణెం ఏదైనా. అసలు కీలకం ‘దీర్థ’లోని దకారం. ‘తీర్థ’లోని తకారం ఇలా సరళమై దకారమైందంటే, దాని ముందు చివర నకారం (ద్రుతం) ఉన్న ‘టంకాలన్’ ఉన్నట్టు, అంటే ‘టంకాలతో’. అరసున్నా ఎగరగొట్టి అచ్చువేసేసరికి షష్ఠిలా, ‘టంకాల యొక్క’ అన్నట్టు కనిపిస్తోంది.

— షష్ఠి అనుకున్నా అందం చెడదుగా? టంకాల తీర్థం!

— అందం సంగతి సరే, షష్ఠికి ద్రుతం ఎక్కడిదండీ? ద్రుతం లేనిదే ఆ దకారం రాదు.