సముద్రపు ఈతలో దాహం వేస్తేనే తాగాలా, సమయం చూసి తాగాలా?

ప్రశ్న: 10 కిలోమీటర్ల ఈతకు సాధన చేస్తున్నాను. నీళ్లలో చెమట పెద్దగా పట్టదు కనుక దాహమైనప్పుడు తాగితే చాలని కొందరు, దాహంతో నిమిత్తం లేకుండా ప్రతి 20 నిమిషాలకూ తాగాల్సిందేనని మరికొందరు చెబుతున్నారు. ఏది సబబు?

మొదటి సమాధానం: దాహాన్నే నమ్మండి. గాలి కంటే నీరు సుమారు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది కాబట్టి, పరుగులో పోయినంత చెమట ఈతలో సాధారణంగా పోదు. అవసరానికి మించి తాగితే రక్తంలో సోడియం పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

రెండో సమాధానం: సోడియం విషయంలో మీ హెచ్చరిక అక్షరాలా నిజం. అయితే నీటిలో దాహం నమ్మదగిన కొలత కాదు. మెడ వరకు నీటిలో ఉన్నప్పుడు నీటి ఒత్తిడి కాళ్లలోని రక్తాన్ని ఛాతీలోకి నెడుతుంది. గుండె గదులు సాగడంతో, ఒంట్లో నీరు ఎక్కువైందని భ్రమపడిన శరీరం మూత్రాన్ని పెంచుతుంది, దాహాన్ని అణచివేస్తుంది. చల్లని నీటిలో ఇది మరీ ఎక్కువ. అంటే చెమట పట్టకపోయినా నీరు పోతూనే ఉంటుంది.

మొదటి సమాధానం ఇచ్చినవారు: అది కదలకుండా నీటిలో ఉన్నవారిలో బలంగా కనిపించే ప్రభావం. ఈదేటప్పుడు రక్తం కండరాలకు మళ్లుతుంది కనుక అది తగ్గుతుంది కదా?

రెండో సమాధానం ఇచ్చినవారు: తగ్గుతుంది, కానీ పూర్తిగా పోదు. పైగా గోరువెచ్చని నీటిలో చెమట పడుతూనే ఉంటుంది. నీటిలో మునిగి ఉన్న చర్మం మీద అది ఆవిరి కాదు కనుక ఒంటిని చల్లబరచదు. 2010లో యూఏఈలోని ఫుజైరాలో వెచ్చని నీటిలో జరిగిన 10 కిలోమీటర్ల పోటీలో అమెరికా ఈతగాడు ఫ్రాన్ క్రిపెన్ మరణించారు. అంతర్జాతీయ పోటీల్లో నీటి ఉష్ణోగ్రతకు నేడు 31 డిగ్రీల సెల్సియస్ గరిష్ఠ పరిమితి ఉంది. ఎంత తాగినా ఆ వేడికి విరుగుడు కాదని నా గట్టి అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారు ప్రతి 20 నిమిషాల నియమాన్ని గుడ్డిగా పాటించనక్కరలేదు. పోటీ నీటికి దగ్గరి ఉష్ణోగ్రతలో సాధన చేసిన రోజున, ముందూ తర్వాతా బరువు చూసుకోండి. తడిసిన ఈత దుస్తులు తీసేసి, జుట్టు బాగా తుడుచుకున్నాకే తూకం ఎక్కాలి. ఆ తడే లెక్కను తప్పిస్తుంది. తగ్గిన బరువులో మూత్రం కూడా ఉంటుంది, మింగిన ఉప్పునీరు మరోవైపు బరువు పెంచుతుంది. అందువల్ల పోయినదంతా తిరిగి తాగేయాలని చూడకండి. ఈత ముగిశాక బరువు పెరిగి ఉంటే మాత్రం, మింగిన ఉప్పునీరు కొంత కారణమైనా, తాగింది ఎక్కువై ఉండవచ్చు. పోటీ రోజుకు ఆ మోతాదు తగ్గించండి.