తలకు చిన్న దెబ్బ తగిలిన ప్రతి ఒక్కరినీ మైగ్రేన్ ప్రశ్నలు అడగాలా?

క్యాజువాల్టీ డ్యూటీ

బండి మీంచి పడి తలకు దెబ్బతో వచ్చినవాళ్ళ సంగతి ఇది. స్పృహ తప్పినా అరగంట దాటలేదు, జీసీఎస్ (స్పృహను కొలిచే స్కోరు) 13 కంటే తగ్గలేదు, జరిగింది గుర్తులేకపోయినా 24 గంటల లోపే. సీటీ అవసరమైనవాళ్ళకు తీశారు, ఏమీ లేదు. పారాసిటమాల్ రాసిచ్చి, వాంతులైతే వెంటనే రమ్మని ఇంటికి పంపుతారు. వారం పది రోజులకు కుట్లు విప్పించుకోవడానికి వస్తారు. ఆ రోజు కుట్లు చూస్తారు తప్ప తలనొప్పి ఎలా ఉందని అడిగేవాళ్ళు తక్కువ.

మైగ్రేన్ (పార్శ్వనొప్పి) ఉందేమో పసిగట్టే ఐడీ-మైగ్రేన్ మూడు ప్రశ్నలు ఆ రోజే అందరినీ అడగాలంటాను. నొప్పి వచ్చినప్పుడు వికారంగా ఉంటోందా? వెలుతురు మామూలు కంటే ఎక్కువ ఇబ్బంది పెడుతోందా? గత 3 నెలల్లో ఒక్క రోజైనా ఈ నొప్పి వల్ల పని మానేశారా? రెండింటికి అవునంటే పాజిటివ్. రెండు నిమిషాల పని. ఎవరైనా వద్దంటే కారణం చెప్పండి.

న్యూరో ఓపీ

నేను వద్దంటాను. ఆ మూడు ప్రశ్నలూ మంచివే, అడిగే రోజే తప్పు.

పదో రోజున వికారం, వెలుతురు పడకపోవడం దెబ్బ వల్లే ఉంటాయి. వాటికి మైగ్రేన్ ఉండాల్సిన పని లేదు. మూడో ప్రశ్న ఇంకా పనికిరాదు. చేతికి కట్టు ఉన్నవాడు, డాక్టరు విశ్రాంతి తీసుకోమన్నవాడు ఎలాగూ పనికి వెళ్ళడు. పైగా గత 3 నెలలు అంటే అందులో దెబ్బకు ముందు రోజులు ఎక్కువ, తర్వాత రోజులు తక్కువ. రెండూ కలిపి ఒకే జవాబు తీసుకుంటే దాన్ని దేనికి వాడతారు?

లెక్క చూడండి. 2003లో ఈ ప్రశ్నలను పరీక్షించినప్పుడు మైగ్రేన్ ఉన్నవాళ్ళను 81 శాతం పట్టాయి, లేనివాళ్ళను 75 శాతం సరిగ్గా వదిలాయి. అది తలనొప్పి సమస్య ఉన్న మామూలు రోగుల్లో, తలకు దెబ్బ తగిలినవాళ్ళలో కాదు. అవే అంకెలు ఇక్కడా నిలుస్తాయనుకుందాం. 100 మందిలో 20 మందికి నిజంగా ఉందనుకుంటే 16 మంది దొరుకుతారు. మిగతా 80 మందిలో 20 మందికి తప్పుడు పాజిటివ్ వస్తుంది. అంటే పాజిటివ్ వచ్చిన 36 మందిలో సగానికి పైగా మైగ్రేన్ లేనివాళ్ళే. పదో రోజున ఆ 75 శాతం కూడా నిలవదు.

పాజిటివ్ అని రాసిన కాగితం పట్టుకుని ఇంకో చోటికి వెళ్తే మైగ్రేన్ రాకుండా ఇచ్చే ఫ్లునారిజిన్ మొదలవుతుంది. పగలంతా మగత, బరువు పెరగడం. ఆ మగత చూసి ఇంట్లోవాళ్ళు మెదడు దెబ్బతిందని భయపడతారు. అందుకే వాడే ఇంకో మందు టోపిరమేట్ ఇస్తే మాట వెతుక్కోవాల్సి వస్తుంది. అది దెబ్బ వల్లా, మందు వల్లా అని తేల్చడం మనకే కష్టం.

మెడ ఫిజియో

తల నేలకు తగిలిందంటే మెడ కూడా విదిలించుకున్నట్టే. అక్కడి నుంచి పాకే నొప్పి ఒక పక్కనే ఉంటుంది, కంటి వెనక దాకా వస్తుంది, ఒక్కోసారి వికారం కూడా పుట్టిస్తుంది. మూడు ప్రశ్నలతో ఇది విడిపడదు.

మెడ ఎముక విరగలేదని తేలాకే ఈ పరీక్ష చేయాలి. వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం రొమ్ముకు ఆనేలా మెడ పూర్తిగా వంచి, అలాగే పట్టుకుని తల రెండు పక్కలకూ తిప్పండి. సాధారణంగా 40 డిగ్రీల పైన తిరుగుతుంది. ఒక పక్క 32కి లోపే ఆగిపోయి, అదే పక్క తలనొప్పి లేస్తే పై మెడ కీళ్ళను అనుమానించాలి. మైగ్రేన్‌లో కూడా మెడ పట్టేస్తుంది, కాబట్టి మెడ నొప్పి ఉందన్న ఒక్క మాటతో మైగ్రేన్ కాదనేయకండి.

మందుల షాపు

ఏ రోజు అడగాలో మీరు తేల్చేలోపు మా కౌంటర్ దగ్గర వేరే కథ నడుస్తుంటుంది. పారాసిటమాల్ షీటు అయిపోతుంది, తర్వాత డైక్లోఫెనాక్ కలిసినది, ఆ తర్వాత ఎవరో చెప్పారని మైగ్రేన్‌కు వాడే ఎర్గటమిన్, కెఫీన్ కలిసిన మాత్ర. పారాసిటమాల్ ఒక్కటే అయితే నెలలో 15 రోజులు, కలిపిన మాత్రలు, ఎర్గటమిన్, ట్రిప్టాన్ (మైగ్రేన్ నొప్పి ఆపే మందులు) అయితే 10 రోజులు. అలా వేసుకుంటూ 3 నెలలు దాటితే మందే తలనొప్పి తెస్తుంది. ఎన్ని మాత్రలని కాదు, ఎన్ని రోజులు వేసుకున్నారని అడగాలి. ఒకే రోజు రెండు వేసుకుంటే అది ఒక రోజే. దెబ్బ తర్వాత రోజూ తలనొప్పి అంటున్నవాళ్ళను ముందు ఈ ప్రశ్న అడగండి, మైగ్రేన్ తర్వాత చూసుకోవచ్చు.

క్యాజువాల్టీ డ్యూటీ

న్యూరో గారి లెక్కతో వాదించను. కానీ అడగడం మానేస్తే ఆ 16 మంది కూడా ఈ కౌంటర్ దగ్గరికే వెళ్తారు కదా! ప్రశ్న మార్చి అడుగుదాం. వెలుతురు ఇబ్బందా అంటే అందరూ అవుననే అంటారు. నొప్పి లేచినప్పుడు లైటు ఆర్పేసి, ఫోను పక్కన పడేసి పడుకోవాల్సి వస్తోందా అని అడిగితే జవాబు వేరుగా ఉంటుంది. మెట్లెక్కితే నొప్పి పెరుగుతోందా అన్నది కూడా కలపొచ్చు.

న్యూరో ఓపీ

అది మేలే. కానీ నా దృష్టిలో అసలు విలువైనవి ముందే మైగ్రేన్ ఉందేమో తెలుసుకోవడానికి దెబ్బ తగిలిన రోజే అడిగే ప్రశ్నలు. ఇంతకు ముందు నెలకు ఎన్నిసార్లు తలనొప్పి వచ్చేది? అమ్మకో అక్కకో పార్శ్వనొప్పి ఉందా? చిన్నప్పుడు బస్సెక్కితే వాంతులయ్యేవా? ఎండలో తిరిగినా భోజనం ఆలస్యమైనా, నెలసరి ముందూ నొప్పి వచ్చేదా? వీటికి జవాబులు కేసు షీటులో ఉంటే తర్వాత చూసే డాక్టరుకు సగం పని అయిపోతుంది. ఆలస్యమైతే పాతదీ కొత్తదీ కలిసిపోతాయి.

ఐసీహెచ్‌డీ-3 (తలనొప్పుల అంతర్జాతీయ వర్గీకరణ) ప్రకారం దెబ్బ తగిలిన, లేదా స్పృహ వచ్చిన 7 రోజుల్లో మొదలైన కొత్త తలనొప్పి మైగ్రేన్‌లా ఉన్నా దాన్ని దెబ్బ తలనొప్పిగానే రాయాలి. 3 నెలలు దాటితే దీర్ఘకాలికం. పాత మైగ్రేన్ ఉండి, అది రెట్టింపైతే రెండూ రాయాలి. ముందు సంగతి తెలియకుండా ఇందులో ఏదీ రాయలేం.

ఇంకొకటి. 65 దాటినవాళ్ళు, వార్ఫరిన్ లాంటి రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు, మద్యం అలవాటున్నవాళ్ళు మూడు వారాలకు కొత్తగా తలనొప్పి అంటే స్క్రీనింగ్ కాగితం తీయొద్దు, సీటీకి పంపండి. సబ్‌డ్యూరల్ రక్తపు గడ్డ (మెదడు పైపొర కింద చేరే రక్తం) మెల్లగా పెరిగే సమయం అదే. మొదటి సీటీ బాగుందన్నది అప్పుడు భరోసా కాదు.

మూడు ప్రశ్నలు నాలుగో వారంలో, అప్పటికీ నొప్పి ఉన్నవాళ్ళకే. అది నా మాట.

పీహెచ్‌సీ డాక్టర్

నాలుగో వారంలో ఎవరు వస్తారండీ? కూలికి వెళ్ళేవాళ్ళు ఒక రోజు సంపాదన వదులుకుని తలనొప్పికి రారు. కుట్లు విప్పే రోజే వాళ్ళు మన ముందుంటారు. అందుకే అడగాలన్న క్యాజువాల్టీ గారి పక్షమే నేను. కాకపోతే ఆ రోజు జవాబుతో మైగ్రేన్ అని రాయొద్దు, ఫలానా తేదీకి ఫోను చేయాలి అని రాయండి.

ఇంట్లో ఉన్న క్యాలెండర్ మీదే గుర్తు పెట్టమనండి. నొప్పి వచ్చిన రోజుకు గీత, పడుకోవాల్సి వస్తే సున్నా, మాత్ర వేసుకుంటే టిక్కు. నెలసరి రోజులు వాళ్ళే వేసుకుంటారు. నాలుగో వారం ఫోనులో గీతలు, సున్నాలు, టిక్కులు లెక్క చదివితే చాలు. సున్నాలు ఎక్కువుంటే పిలిపించి బీపీ, గుండె జబ్బు, ఉబ్బసం చూసుకుని మందు ఎంచుకోవచ్చు. ఉబ్బసం ఉంటే ప్రొప్రనొలోల్ వద్దు, గుండె జబ్బు ఉంటే సుమాట్రిప్టాన్ వద్దు. రాత్రి అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టినా దెబ్బ తలనొప్పికి గట్టి ఆధారమున్న మందు ఇంకా లేదని రోగికి చెప్పాలి.

న్యూరో ఓపీ

ఫోను పద్ధతికి ఒప్పుకుంటాను, పదో రోజు పాజిటివ్ అన్న మాట కేసు షీటులో రాయడానికి ఒప్పుకోను. ఫోను చేసేవాళ్ళు గీతల కంటే ముందు ఇవి అడగాలి: నొప్పి రోజురోజుకూ పెరుగుతోందా, వాంతులు మళ్ళీ మొదలయ్యాయా, ఎప్పుడూ లేనంత నిద్ర, తికమక, ఒక పక్క చెయ్యో కాలో బలహీనత, ఫిట్స్, ముక్కులోంచి నీళ్ళలాంటి ద్రవం? వీటిలో ఒక్కదానికి అవునన్నా క్యాలెండర్ సంగతి వదిలేసి అదే రోజు పెద్దాసుపత్రికి పంపండి.