బద్ధకమా, జబ్బా? డాక్టరుకి ఎలా చెప్పాలి?

ప్రశ్న: మా అక్క మూణ్ణాలుగు నెలలుగా మునుపటిలా లేదండి. పొద్దున్నే దువ్వెన పట్టుకుని మంచం మీద కూర్చుంటుంది, అరగంట పోయాక వెళ్లి చూసినా అలాగే ఉంటుంది, జడ పడదు. జ్వరం లేదు, నొప్పి లేదు. ఇంట్లో బద్ధకం అంటున్నారు, నాకు భయంగా ఉంది. ఏ డాక్టరుకి చూపించాలి?

జవాబు: ఇష్టమైన పనులు కూడా మానేసిందా, అది చూడండి. బద్ధకమైతే నచ్చిన పనికి లేస్తారు కదా.

ముందు జనరల్ ఫిజీషియన్‌కి చూపించండి. థైరాయిడ్ తగ్గినా, రక్తం తక్కువైనా, బీ12 లోపం ఉన్నా, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తున్నా పైకి డిప్రెషన్‌లాగే కనిపిస్తుంది. అలాగని రిపోర్టులన్నీ నార్మల్ వస్తే ఏమీ లేదని ఇంటికి తెచ్చేయకండి, అప్పుడు సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లాలి, ఒంటి జబ్బూ, డిప్రెషనూ రెండూ కలిసి ఉండేవాళ్లూ ఉంటారు. దిగులు గానీ, దేనిమీదా ఆసక్తి లేకపోవడం గానీ రెండు వారాలుగా దాదాపు రోజూ ఉంటే డాక్టర్లు డిప్రెషన్ ఉందేమో చూస్తారు.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు "నీరసంగా ఉందండి" అన్నాను, టానిక్ రాసి పంపేశారు. రెండోసారి కాగితం మీద రాసుకెళ్లాను: స్నానం చేశాక గోడ పట్టుకుని కూర్చోవాల్సి వస్తోంది, చదివిన పేరానే మళ్లీ చదువుతున్నాను, వారంలో మూడు రోజులు ఫోన్ ఎత్తలేదు. అది చూశాకే థైరాయిడ్ పరీక్ష రాశారు. అందుకే మీరూ నెల రోజుల్లో అక్క ఏ పని, ఎన్ని రోజులు చేయలేకపోయిందో రాయండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన 36 ప్రశ్నల ఫారం కూడా గత 30 రోజుల గురించే అడుగుతుంది: నడక, స్నానం, ఇంటిపని, మనుషులతో మెలగడం, ఇలాంటివే.

ఇంకొకటి, చచ్చిపోవాలనిపిస్తోందా అని మెల్లగా, నేరుగా అడగండి, అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా ఆ రోజే హాస్పిటల్‌కి తీసుకెళ్లండి.

ప్రశ్న: ఒక్కోరోజు బాగానే తిరుగుతుంది, మర్నాడు లేవలేదు. నాటకం అంటారేమో?

జవాబు: అనేవాళ్లు అంటారు, పట్టించుకోకండి. కొన్ని జబ్బుల్లో పని చేసిన రోజు కాదు, ఒకటి రెండు రోజుల తర్వాత ఒళ్లు పడిపోతుంది. కాబట్టి బాగున్న రోజు ఏం చేసిందో, మర్నాడు ఎలా ఉందో పక్కపక్కనే రాయండి, డాక్టరుకి చాలా పనికొస్తుంది.

ప్రశ్న అడిగినవారు: రాత్రి నేనే జడ వేస్తూ అడిగానండి. చావాలని లేదట, చేతులు పైకెత్తితే బరువుగా ఉంటున్నాయట. మొదటి పేజీలో అదే రాశాను, రేపు వెళ్తున్నాం.