హైదరాబాద్ నుంచి నార్తర్న్ లైట్స్ గ్రూప్ టూర్: అమ్మానాన్నల్ని పంపొచ్చా?

కొంపల్లి_శీను
అందరికీ నమస్కారం. ఫిబ్రవరికి అమ్మానాన్నల పెళ్ళై 40 ఏళ్ళు నిండుతాయి. నాన్నకి 66, అమ్మకి 61. బీపీ మాత్రలు తప్ప ఇద్దరికీ వేరే సమస్యల్లేవు. టీవీలో నార్తర్న్ లైట్స్ (ఉత్తర ధ్రువం వైపు రాత్రి ఆకాశంలో కదిలే రంగుల వెలుగులు, అరోరా అన్నా అవే) వస్తే చాలు, నాన్న వాల్యూమ్ పెంచుతాడు (వెలుగుకి వాల్యూమ్ ఏంటో). అమీర్‌పేటలో ఒక ట్రావెల్స్‌లో కనుక్కున్నాను. 8 రోజులు, 30 మంది. ముందు ఫిన్లాండ్‌లో రోవనియెమి, తర్వాత నార్వేలో ట్రోమ్సో. మూడు రాత్రులు గైడ్‌తో అరోరా హంట్, అంటే బస్సులో తిరుగుతూ ఆ వెలుగుల్ని వెతకడం. మనిషికి 3 లక్షల 90 వేలు, వీసా వేరే. తెలుగు టూర్ మేనేజర్ ఉంటాడు, వంటవాడూ వెంట వస్తాడు. నాకు సెలవు దొరకదు, వాళ్ళిద్దరే వెళ్ళాలి. శుక్రవారంలోగా అడ్వాన్స్ కట్టమంటున్నారు. కట్టమంటారా?

మేఘావృతం
కట్టొద్దు. పోయిన జనవరిలో మేం ఇలాంటి టూరే తీసుకున్నాం. మూడు హంట్లు, మూడు రాత్రులూ మబ్బే. 45 మంది బస్సు. రెండో రాత్రి ట్రోమ్సోలోనే వేరే చిన్న వ్యాన్ల వాళ్ళు బార్డర్ దాటి ఫిన్లాండ్ వైపు కిల్పిస్‌యార్వి దాకా పోయి చూసొచ్చారు. మా బస్సు మాత్రం ఊరికి అరగంట దూరంలో ఒక పార్కింగ్‌లో ఆగిపోయింది. ఎందుకంటే 7:30కి డిన్నర్! వంటవాడు అన్నం వార్చేశాడట, చల్లారిపోతుందట. నాన్న ఫోన్‌లో చెబుతుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

వెళ్ళాలనుకుంటే టికెట్, హోటల్ మీరే బుక్ చేసుకోండి. హంట్ మాత్రం అక్కడి గైడ్‌తో, ఎనిమిది పది మంది వ్యాన్‌లో. రాత్రికి 1,700 నార్వే క్రోనర్లు అవనీ, అదొక్కటే అక్కడ పైసా వసూల్.

దిల్‌సుఖ్‌నగర్_డీలక్స్
8 లక్షలా! గా పైసలతోటి మా దిక్కు ప్లాటుకు అడ్వాన్స్ ఇయ్యొచ్చు కదనే. చలి గావాల్నంటే ట్యాంక్‌బండ్ కింద స్నో వరల్డ్ ఉండనే ఉండె.

లెక్చరర్_రిటైర్డ్
శీను గారూ, ముందు ఒక సంగతి. మీ బ్రోచర్‌లో "గ్యారంటీ" అన్న మాట ఉందా? ఉంటే ఆ కాగితం అక్కడే చించేయండి. ఆ వెలుగులు సూర్యుడి నుంచి వచ్చే కణాల వల్ల పుట్టేవి, వాటికి గ్యారంటీ ఇవ్వడానికి అమీర్‌పేటలో ఎవరికీ లైసెన్స్ లేదు.

రెండోది, ఇది "చలికాలపు వింత" కాదు. కణాలు ఏడాది పొడవునా వస్తూనే ఉంటాయి. ఎండాకాలంలో అక్కడ అర్ధరాత్రి కూడా సూర్యుడుంటాడు కాబట్టి కనబడవు, అంతే. కావలసింది చలి కాదు, చీకటి. సెప్టెంబరు చివరి నుంచి మార్చి చివరి దాకా ఎప్పుడైనా చూడొచ్చు. ఇంకా చెప్పాలంటే విషువత్తుల (పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల) దగ్గర, అంటే సెప్టెంబరు, మార్చి నెలల్లో, భూమి అయస్కాంత క్షేత్రంలో అలజడి ఎక్కువ, దాంతో వెలుగులూ ఎక్కువ. కాబట్టి మార్చి మేలు.

కొంపల్లి_శీను
గ్యారంటీ అని లేదు మాస్టారూ, "అత్యధిక అవకాశం" అని ఉంది. మార్చి అంటే పెళ్ళిరోజు దాటిపోతుంది.

విజయ_అత్తాపూర్
బాబూ శీనూ, నేను పోయిన ఫిబ్రవరిలో గ్రూప్‌లోనే వెళ్ళొచ్చాను. నాకు 63. ఒక్కదాన్నే. నిక్షేపంగా పంపించు.

మాకు మొదటి రాత్రి ఏమీ లేదు. రెండో రాత్రి పదకొండు దాటాక ఉత్తరం వైపు సన్నని తెల్లగీత లేచింది. మబ్బే అనుకున్నా. మేడ మీద ఆరేసిన చీర గాలికి పొర్లినట్టు కదిలేసరికి గైడ్ కుర్రాడు కేక పెట్టాడు. ముక్కుకి మఫ్లర్ కట్టుకోవడంతో ఊపిరంతా కళ్ళద్దాల మీదికెక్కి గడ్డకట్టింది. అద్దాలు తీసేసి చూశా. మసకగానే, అయినా చూశా. ఫోన్‌లో 60 శాతం చార్జింగ్ ఉన్నది ఉన్నట్టే ఆరిపోయింది. ఒక్క ఫొటో లేదు నా దగ్గర.

పనికొచ్చే మాట ఒకటి: ట్రోమ్సో వీధులు గాజుపలకలు. బూట్లకి తొడుక్కునే మేకుల రబ్బరు పట్టీలు కొనివ్వు. థర్మల్స్ ఉన్నివి కొను, నూలువి వద్దు, చెమట పట్టిందంటే ఆరక వణికిస్తాయి.

మేఘావృతం
చూశారా, "తెల్లగీత". అంటే ఆకుపచ్చ కూడా కాదు. నాలుగు లక్షలు పోసి తెల్లగీత.

విజయ_అత్తాపూర్
తెల్లగీతతో మొదలైంది అన్నాను. తర్వాత పచ్చగా అయింది. పాలలో ఆకురసం ఒక చుక్క పడితే ఎలా ఉంటుందో అలా.

లెక్చరర్_రిటైర్డ్
ఆమె చెప్పింది కచ్చితంగా సరైనది. చీకట్లో మన కంట్లో పనిచేసేవి దండకణాలు. వాటికి రంగు తెలీదు. వెలుగు బలంగా ఉంటేనే శంకుకణాలు మేలుకొని రంగు చూపిస్తాయి. కెమెరా అయితే కొన్ని సెకన్ల వెలుగంతా పోగుచేసి ఒక్క ఫొటోలో పెడుతుంది కాబట్టి ముదురాకుపచ్చ వస్తుంది. ఆ పచ్చ ఆక్సిజన్‌ది, నూరు నూటయాభై కిలోమీటర్ల ఎత్తున పుట్టేది. ఇంకా పైన, రెండొందలు దాటాక, అదే ఆక్సిజన్ ఎరుపునిస్తుంది. 2024 మే నెలలో పెద్ద సౌర తుఫాను వచ్చిన రాత్రి మన లడఖ్‌లోని హాన్లే అబ్జర్వేటరీ కెమెరాలకు కూడా ఎరుపు చిక్కింది. శీను గారూ, ఈ మాట నాన్నగారికి ముందే చెప్పండి. టీవీలో చూసినంత పచ్చగా లేదే అని అక్కడ దిగాలుపడకూడదు.

నైట్‌షిఫ్ట్_మాదాపూర్
రష్యాలో ముర్మాన్స్క్ చూడండి బ్రో. ఈ-వీసా, ఖర్చు తక్కువ.

మేఘావృతం
రంగు సంగతి వదిలేయండి మాస్టారూ. ఆ రోజు కేపీ (అరోరా అంచనాకి వాడే అంకె) 5 అని టూర్ మేనేజర్ వాట్సాప్ గ్రూపులో పెట్టి మరీ ఊరించాడు. 5 ఉన్నా ఏం కనబడింది?

లెక్చరర్_రిటైర్డ్
కేపీని పట్టుకు వేలాడటమే అసలు తప్పు. అది భూమి అయస్కాంత క్షేత్రంలోని అలజడికి 0 నుంచి 9 దాకా ఉండే కొలత. ధ్రువం చుట్టూ అరోరా కనబడే కాంతివలయం దక్షిణానికి ఎంత దూరం జారిందో చెబుతుంది. ట్రోమ్సో దాదాపు 70 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, ఆ వలయం కిందే ఉంది. అక్కడ 2 ఉన్నా చాలు. వెలుగు నూరు కిలోమీటర్ల పైన, మబ్బు రెండు మూడు కిలోమీటర్ల ఎత్తున. 9 ఉన్నా మబ్బు వెనకాల ఏమి కనబడుతుంది? ముందస్తు కబురు కూడా గంటకు మించి నమ్మకంగా దొరకదు. సూర్యుణ్ణి గమనించే మన వ్యోమనౌక ఆదిత్య ఎల్1 తిరిగే చోట, 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, సౌరగాలిని (సూర్యుడి కణాల ప్రవాహాన్ని) కొలిచాక అది భూమికి చేరడానికి పట్టేది ఇంచుమించు గంటే. గైడ్ అసలు విద్య మబ్బు లేని ఆకాశం వెతకడం. సముద్రం ఒడ్డున మబ్బు ఎక్కువ. కొండలు దాటి లోపలికి పోతే తేటగా ఉంటుంది, చలి కూడా రెట్టింపవుతుంది.

మేఘావృతం
నేను మొదట్నుంచీ అదేగా మొత్తుకుంటున్నది! వెతకాలి. 45 మంది బస్సు వెతకదు. దానికి డిన్నర్ టైముంది. నార్వే దాకా పోయి పులిహోర తినేవాళ్ళకి అరోరా ఎందుకండీ? యాదగిరిగుట్ట పోతే ప్రసాదంగా పెడతారు.

విజయ_అత్తాపూర్
పులిహోర తింటే తప్పేంటి? మైనస్ 18లో నాలుగు గంటలు నిలబడి వచ్చాక ఆ వంటబ్బాయి గ్లాసులో పోసిన మిరియాల చారు రుచి నాకు ఇప్పటికీ నాలిక మీద ఉంది. మీ చిన్న వ్యాన్‌లో ఏమిస్తారు, చేపల సూప్? నేను శాకాహారిని.

మేఘావృతం
ఎవరైనా చూడ్డానికి పోతారా, తినడానికి పోతారా? మీలాంటి వాళ్ళ వల్లే ఆ బస్సు ఆగిపోయేది.

విజయ_అత్తాపూర్
మీలాంటి వాళ్ళు అంటే?

అడ్మిన్
మర్యాద. ఇద్దరికీ చెబుతున్నా.

మేఘావృతం
అంటే ఏం లేదమ్మా. పెద్దవాళ్ళని ఒక బస్సులో ఎక్కించి, అన్నం పెట్టి, ఇరవై ఊళ్ళు చూపించామనిపించి దింపేస్తారు. మోకాళ్ళ నొప్పి ఎవరికో, మాత్రల టైము ఎవరికో ఆ మేనేజర్‌కి ఏం తెలుసు? పిల్లలు పక్కన లేకుండా 66 ఏళ్ళ మనిషిని ఆ మంచులోకి పంపడం బహుమతి కాదు, చేతులు దులుపుకోవడం. శీనూ, ఏమీ అనుకోకు. సెలవు దొరికినప్పుడు నువ్వే తీసుకెళ్ళు.

విజయ_అత్తాపూర్
ఇప్పుడు తెలిసింది మీ బాధ బస్సు మీద కాదని.

మా ఆయన ఉన్నన్నాళ్ళూ తిరుపతి, అన్నవరం. ఆయన పోయాక పెద్దవాడు అమెరికా తీసుకెళ్ళాడు. ప్రేమగానే. ఎక్కడికెళ్ళినా "అమ్మా, నువ్వు ఇక్కడ కూర్చో, మేం వస్తాం" అని ఒక బెంచీ చూపించేవాడు. ఆ దేశంలో ఎన్ని బెంచీలు చూశానో! గ్రూప్‌లో నాకెవరూ బెంచీ చూపించలేదు. సంగారెడ్డి నుంచి వచ్చిన అక్కచెల్లెళ్ళిద్దరితో కలిసి మంచు మీద కుక్కలు లాగే బండి ఎక్కాను. మా వాడు ఉంటే ఎక్కనిచ్చేవాడా?

మీరు "మేం, మేం" అంటున్నారు కానీ, డిన్నర్ గొడవ నాన్న ఫోన్‌లో చెప్పాడని మీరే రాశారు. అసలు మీరు వెళ్ళారా?

దిల్‌సుఖ్‌నగర్_డీలక్స్
అరె, గిది నేను సూడలే.

కొంపల్లి_శీను
ఇద్దరూ నా కోసమే చెబుతున్నారు, గొడవ వద్దండీ ప్లీజ్.

లెక్చరర్_రిటైర్డ్
వీసా సంగతి ఎవరూ చెప్పలేదు. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికి షెంగెన్ (యూరప్‌లో చాలా దేశాలకు ఉమ్మడి వీసా) అప్లికేషన్. ఫీజు 90 యూరోలు, వేలిముద్రలకి స్వయంగా వెళ్ళాలి, 30,000 యూరోలకు తగ్గని మెడికల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. వీసా రాకపోతే అడ్వాన్స్‌లో ఎంత వెనక్కిస్తారో ట్రావెల్స్ వాళ్ళతో కాగితం మీద రాయించుకోండి. టూర్ డబ్బు మీద టీసీఎస్ అని ట్రావెల్స్ వాళ్ళు ముందే పట్టుకునే పన్నుని ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్స్‌లో సర్దుకోవచ్చు.

మేఘావృతం
లేదు. నేను వెళ్ళలేదు. నాన్న వెళ్ళాడు. 71. నేనే పంపాను.

మూడో రోజు పొద్దున హోటల్ గుమ్మం ముందు మంచు మీద జారాడు. ఎడమ మణికట్టు విరిగింది. అందరూ బస్సెక్కుతున్నారు, మేనేజర్ తలలు లెక్కపెట్టాడు, ఒకటి తగ్గింది. అప్పుడు గానీ చూడలేదు. ఆసుపత్రిలో ఆరు గంటలు, భాష రాదు, పక్కన ఎవరూ లేరు. నాకు ఫోన్ వచ్చేసరికి గచ్చిబౌలిలో రిలీజ్ కాల్‌లో ఉన్నాను. మ్యూట్ చేసి మాట్లాడాను. రెండు నిమిషాలు. మళ్ళీ కాల్‌లోకి వెళ్ళిపోయాను. ఇన్సూరెన్స్ డబ్బులు వచ్చాయి, అది వేరే.

ఆ రాత్రి కట్టుతోనే మూడో హంట్‌కి వెళ్ళాడు. మళ్ళీ మబ్బే.

ఇప్పుడు మళ్ళీ వెళ్తానంటున్నాడు. అదే గ్రూపుతో. నేను కుదరదన్నాను. రెండు నెలలుగా మా ఇద్దరికీ మాటల్లేవు. "అన్నం తిన్నావా" తప్ప.

విజయ_అత్తాపూర్
మణికట్టు సంగతి వింటే కష్టంగానే ఉంది బాబూ. ఆ మేనేజర్‌ది తప్పే, నేనూ ఒప్పుకుంటాను. కానీ మీరు పక్కన ఉన్నా ఆ మంచు మంచే. ఆయన డబ్బు, ఆయన కాళ్ళు. మీరు కుదరదనడం ఏమిటి?

మేఘావృతం
ఆయన డబ్బు కాదు, నాదే.

విజయ_అత్తాపూర్
అదీ సంగతి.

మేఘావృతం
ఏది సంగతి? డబ్బుది కాదమ్మా నా బాధ. రేపు కాలు విరిగితే మళ్ళీ నేను మ్యూట్ చేసే మాట్లాడాలి. అది ఆయనకి అర్థం కాదు. మీకూ కావట్లేదు.

నైట్‌షిఫ్ట్_మాదాపూర్
శీను బ్రో, ఇంతకీ అమ్మానాన్నల్ని అడిగావా?

కొంపల్లి_శీను
లేదు, సర్‌ప్రైజ్ అనుకున్నా.

దిల్‌సుఖ్‌నగర్_డీలక్స్
ఏలిముద్రలకు తీస్కపోయినప్పుడు ఏమని చెప్తవ్ అన్నా? ఆధార్ అప్‌డేట్ అనా?

కొంపల్లి_శీను
నిన్న రాత్రి భోజనాల దగ్గర అడిగేశాను. నాన్న అయితే సూట్‌కేస్ ఎక్కడుందని అప్పుడే లేచాడు. మబ్బు సంగతి, రంగు సంగతి, మాస్టారు చెప్పినవన్నీ చెప్పాను. "మబ్బైతే మబ్బే చూసొస్తాం" అన్నాడు. అమ్మ మాత్రం ఒక్కటే అడిగింది. రాత్రంతా మంచులో నిలబెడితే బాత్రూంకి ఎక్కడికెళ్ళాలి అని. ట్రావెల్స్ వాళ్ళకి ఫోన్ చేస్తే నవ్వారు కానీ చెప్పలేదు. విజయ గారూ, మీరే చెప్పాలి.

విజయ_అత్తాపూర్
అడగాల్సిన ప్రశ్న అదే, ఇంతసేపూ ఎవరూ అడగలేదు. కొన్ని పెద్ద బస్సుల్లో ఉంటుంది, మా దాంట్లో లేదు. దారిలో ఒక పెట్రోల్ బంకు దగ్గర ఆపారు. ఆ తర్వాత చెట్ల వెనక్కే. ముగ్గురం ఆడవాళ్ళం వంతులవారీగా శాలువా అడ్డం పట్టుకున్నాం. వాళ్ళిచ్చే చలి సూట్ మెడ నుంచి పాదాల దాకా ఒకే ముక్క, మొత్తం విప్పితే తప్ప కాదు. సాయంత్రం ఐదు దాటాక అమ్మని టీ తాగొద్దని చెప్పు. బస్సులో ఉందో లేదో బుక్ చేసేముందే రాయించుకో.

కొంపల్లి_శీను
థాంక్స్ అండీ. ఇది అమ్మకి మీరే ఫోన్‌లో చెబితే బావుంటుంది, నంబర్ మెసేజ్‌లో పంపుతాను.

మేఘావృతం
విజయ గారూ, ఆ మేకుల పట్టీలు మీరు ఇక్కడ కొన్నారా, అక్కడా? నాన్నది 9 సైజు.

లెక్చరర్_రిటైర్డ్
ఆయనకైనా మార్చిలో బుక్ చేయండి. పౌర్ణమి వారం తప్పించి.