ఫైబర్ రింగ్ ఉన్నా హైవే కెమెరాలు ఎందుకు ఆగిపోతున్నాయి?

ప్రశ్న (హెబ్బాళ నుంచి)

అందరికీ నమస్కారం. బెంగళూరు బయట ఒక హైవే మీద ట్రాఫిక్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ మెయింటెనెన్స్ చూస్తున్నాను. 46 కిలోమీటర్ల రోడ్డు, దారి పొడవునా 24 పోల్‌ల మీద ఒక్కో నెట్‌వర్క్ స్విచ్. ఒక్కోదాని కింద ఒక కెమెరా, కొన్నిచోట్ల మెసేజ్ బోర్డు, ఎమర్జెన్సీ కాల్ బాక్స్ కూడా ఉన్నాయి. కంట్రోల్ రూమ్ మొదటి టోల్ ప్లాజాలో ఉంది. 1 నుంచి 24 వరకు వరసగా కలిపి, 24 నుంచి ఒక ఫైబర్ జతను నేరుగా కంట్రోల్ రూమ్‌కి వెనక్కి తెచ్చి రింగ్ చేశారు. డేటా రింగ్‌లో గుండ్రంగా తిరుగుతూ (లూప్) ఉండిపోకుండా ఒక లింక్‌ను ఆపి ఉంచి, ఇంకోచోట తెగితే దాన్ని తెరిచే ఆర్‌ఎస్‌టీపీ పద్ధతి నడుస్తోంది.

ఏ పోల్ దగ్గరైనా కరెంటు పోతే, బాగున్న కెమెరాలు కూడా చాలావరకు అర నిమిషం ఆగి తర్వాత వస్తున్నాయి. 1వ నంబర్ పోల్‌లో కరెంటు పోయినప్పుడైతే 2, 3, 4 నంబర్లు అసలు రావడం లేదు. కంట్రోల్ రూమ్‌కి అంత దగ్గరున్నవే ఎందుకు పోతున్నాయో అర్థం కావడం లేదు. పోయిన వారం సర్వీస్ రోడ్డు పక్కన కాలువ తవ్వుతూ జేసీబీ కేబుల్ తెంపింది. 19వ కిలోమీటరు అవతల ఒక్కటీ పనిచేయలేదు. రింగ్ అంటే ఒకచోట తెగినా రెండోవైపు నుంచి రావాలి కదా అన్నా? పైవాళ్లు నన్నే అడుగుతున్నారు, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు (ఎలక్ట్రానిక్ సిటీ నుంచి)

తమ్ముడూ, నువ్వు చెప్పినవి మూడు వేర్వేరు జబ్బులు. ఒకే మందు వేస్తే తగ్గవు.

అర నిమిషం సంగతి ముందు చూద్దాం. ఆర్‌ఎస్‌టీపీలో ఫార్వర్డ్ డిలే (పోర్టు తెరుచుకునే ముందు ఒక్కో దశలో ఆగే సమయం) మామూలుగా 15 సెకన్లు. దారి మారినప్పుడు స్విచ్ తన మిగతా పోర్టులను కాసేపు ఆపి, అవతలివాళ్లు ఒప్పుకున్నాక తెరుస్తుంది. అవతల ఉన్నది ఇంకో స్విచ్ అయితే వెంటనే బదులిస్తుంది. కెమెరాకి ఆ భాష తెలియదు, బదులివ్వదు. అందుకని ఆ పోర్టు రెండు సార్లు 15 సెకన్లు, అంటే 30 సెకన్లు ఎదురుచూసి తెరుచుకుంటుంది. కెమెరా, బోర్డు, కాల్ బాక్స్ పోర్టులన్నిటినీ ఎడ్జ్ పోర్టులుగా (అవతల స్విచ్ లేదు కాబట్టి ఆగకుండా తెరుచుకునేవిగా) పెట్టు. రింగ్‌లోని ఫైబర్ పోర్టులను మాత్రం పొరపాటున కూడా ఎడ్జ్ చేయవద్దు, లూప్ పడి మొత్తం నెట్‌వర్క్ కూలిపోతుంది.

ఇక 2, 3, 4 నంబర్ల సంగతి. రూట్ స్విచ్ (ఆర్‌ఎస్‌టీపీలో అన్ని దారులకూ మొదలుగా ఎంచుకున్న స్విచ్) నుంచి బయల్దేరిన సందేశానికి ప్రతి స్విచ్ వయసు ఒకటి కలిపి పక్కదానికి అందిస్తుంది. మాక్స్ ఏజ్, అంటే ఆ వయసుకు హద్దు, మామూలుగా 20. వయసు 20కి చేరిన సందేశాన్ని అందుకున్న స్విచ్ పారేస్తుంది. మీ రూట్ కంట్రోల్ రూమ్‌లో ఉంటే, 1వ నంబర్ ఆగిపోయినప్పుడు సందేశం వెనక్కి తెచ్చిన ఫైబర్ మీదుగా 24కి వెళ్లి అక్కడి నుంచి 23, 22 అంటూ దిగి రావాలి. అలా లెక్కపెట్టు. 5వ నంబర్ 20వది, 4వ నంబర్ 21వది. కాబట్టి సరిగ్గా 4, 3, 2 బయట పడతాయి. రోడ్డు మీద దగ్గరే గానీ ఆ దారిలో అవే చివరివి.

దీనికి మాక్స్ ఏజ్ పెంచాలి. ఫార్వర్డ్ డిలేలోంచి ఒకటి తీసేసి రెండుతో గుణిస్తే వచ్చే సంఖ్యను మాక్స్ ఏజ్ దాటకూడదని నియమం. 15తో 28 దాకా వెళ్లవచ్చు. మీకు 23 అంచెలే కాబట్టి 28 సరిపోతుంది. ఈ విలువ రూట్ నుంచే అందరికీ వెళ్తుంది. రూట్ పోతే దాని చోటుకు వచ్చే స్విచ్‌లో కూడా అదే పెట్టాలి.

మూడోది డిజైన్‌లోనే ఉన్న లోపం. వెళ్లే ఫైబర్, తిరిగొచ్చే ఫైబర్ ఒకే కేబుల్‌లో ఉన్నాయి కదా? అలాంటి రింగ్ ఒక స్విచ్ ఆగిపోతే కాపాడుతుంది. కేబుల్ తెగితే రెండు దారులూ ఒక్క దెబ్బతో పోతాయి. డ్రాయింగ్‌లో గుండ్రంగా గీశారు, నేలలో తవ్విన కందకం మాత్రం ఒక్కటే. పని అప్పగించేటప్పుడే ఇది ఎవరో ఒకరు గట్టిగా అడగాల్సింది. రోడ్డుకి అవతలి పక్క డక్ట్ (కేబుల్ వేసే గొట్టం) ఉంటే తిరిగొచ్చే ఫైబర్‌ను అందులోకి మార్చడం అన్నిటికన్నా మంచిది. లేకపోతే 46వ కిలోమీటరు దగ్గర వేరే కంపెనీ లీజ్డ్ లైన్ (అద్దె లైన్) తీసుకో. తీసుకునే ముందు వాళ్ల ఫైబర్ ఎటునుంచి వెళ్తుందో మ్యాప్ మీద చూపించమను. చాలాసార్లు అది కూడా మీ కేబుల్ పక్కనే పడుకుని ఉంటుంది.

జవాబు (నెలమంగళ నుంచి)

నేను మెసేజ్ బోర్డుల వైపు పనిచేస్తాను. అన్నగారు చెప్పినవి సరైనవే. కేబుల్ తెగిన ఆ కొన్ని గంటలూ మీ బోర్డుల మీద ఏం కనబడిందో ఒకసారి కనుక్కోండి తమ్ముడూ. లింక్ పోయినా చాలా బోర్డులు చివరగా అందిన సందేశాన్నే పట్టుకుని ఉంటాయి. ‘ముందు ప్రమాదం, ఎడమవైపు లేన్ మూసివేత’ అని ఉదయం పెట్టింది సాయంత్రం దాకా అలాగే ఉంటే, రెండోసారి ఆ బోర్డును డ్రైవర్లు నమ్మరు. నిజంగా లారీ అడ్డంగా పడిన రోజు ఆ నమ్మకమే కావాలి మనకు.

బోర్డుల భాష ఎన్‌టీసీఐపీ 1203 అయితే దీనికి అందులోనే ఏర్పాటు ఉంది. ఇన్ని నిమిషాలు కంట్రోల్ రూమ్ నుంచి పలకరింపు లేకపోతే ఫలానా సందేశానికి మారు అని ముందే చెప్పి పెట్టవచ్చు. ఆ సమయం సున్నాగా ఉంటే ఈ ఏర్పాటు పనిచేయదు. మేము 10 నిమిషాలు పెట్టి, ఆ తర్వాత బోర్డు ఖాళీ అయ్యేలా చేశాం.

ఇంకో మాట. అర నిమిషమే కదా అని తేలికగా తీసుకోవద్దు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు 30 సెకన్లలో 830 మీటర్లు దాటుతుంది.

మళ్లీ హెబ్బాళ నుంచి

అన్నా, అక్కా, ఇద్దరికీ చాలా థ్యాంక్స్. కెమెరా పోర్టులు ఒక్కటి కూడా ఎడ్జ్‌లో లేవు. అన్నీ మార్చి, మాక్స్ ఏజ్ 28 చేసి, అనుమతి తీసుకుని రాత్రి ఒంటి గంటకు 1వ పోల్ ఆపి చూశాం. 2, 3, 4 తిరిగొచ్చాయి. మిగతా వీడియోలు రెండు మూడు సెకన్లు తడబడ్డాయి, అంతే. బోర్డుల్లో ఆ సమయం సున్నాగానే ఉందక్కా, 10 నిమిషాలు పెట్టాను. ఆర్‌ఎస్‌టీపీ బదులు జీ.8032 (రింగ్‌ల కోసమే ఉన్న ప్రమాణం) రింగ్‌కి మారితే 50 మిల్లీసెకన్లలోనే కోలుకుంటుందని సరఫరాదారు అంటున్నారు, మారమంటారా?

ఎలక్ట్రానిక్ సిటీ నుంచి

మారవచ్చు, కానీ డబ్బు ముందు అక్కడ పెట్టవద్దు. ఆ 50 మిల్లీసెకన్ల మాట 16 కంటే తక్కువ నోడ్లున్న రింగ్‌కి చెప్పింది. మీ 24ను రెండు రింగులుగా విడగొట్టాల్సి వస్తుంది. పైగా కేబుల్ తెగితే అదీ ఏమీ చేయలేదు. ముందు రెండో దారి చూడు.

జేసీబీ తెంపినచోట అతుకు వేశాక ఓటీడీఆర్‌తో (ఫైబర్‌లోకి కాంతి పంపి నష్టం ఎక్కడుందో చూపే పరికరం) 1310, 1550 నానోమీటర్ల తరంగదైర్ఘ్యాలు రెండిటి మీదా కొలిచారా? 1310లో బాగుండి 1550లో నష్టం ఎక్కువ కనబడితే, జాయింట్ బాక్స్‌లో ఫైబర్ ఎక్కడో బిగుతుగా వంగిందని అర్థం. మీ 46 కిలోమీటర్ల లింక్ నడిచేది 1550 మీదే అయ్యుంటుంది, దెబ్బ దానికే తగులుతుంది.

హెబ్బాళ నుంచి

కొలిచాం అన్నా. 1550లోనే ఎక్కువ చూపించింది. బాక్స్ తెరిచి చుట్టలు వదులు చేశాక తగ్గింది. లీజ్డ్ లైన్ మ్యాప్ కూడా తెప్పించాను. మీరన్నట్టే 31వ కిలోమీటరు నుంచి వాళ్ల కేబుల్ మా పక్కనే ఉంది, వద్దన్నాను. అవతలి పక్క డక్ట్‌కి అంచనా వేసి పంపాం. అది మంజూరయ్యేదాకా చివరి ప్లాజాలో 4జీ రౌటర్ పెడుతున్నాం. కాల్ బాక్సులు, బోర్డులు పూర్తిగా దాని మీదుగా వెళ్తాయి, కెమెరాల నుంచి తక్కువ నాణ్యత వీడియో మాత్రమే. కాల్ బాక్సులకే మొదటి ప్రాధాన్యం ఇచ్చాను. రాత్రిపూట బండి ఆగిపోయి భయంలో ఉన్నవాళ్లకు హైవే హెల్ప్‌లైన్ 1033 నంబర్ గుర్తు రాకపోవచ్చు, ఎదురుగా ఆ పెట్టె కనబడుతుంది. శనివారం యాంటెన్నా బిగిస్తున్నాం.