అప్‌డేట్: వానంటే విసుక్కునే పాప, తప్పు లెక్క చూపే వాన కొలిచే సీసా (పరిష్కారమైంది)

సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. అడిగింది క్లుప్తంగా: వాన పడితే ఆట పోయిందని ఏడేళ్ల పాప విసుగు. అందుకని రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాతో వర్షమాపకం చేస్తే, చిన్న జల్లుల లెక్క ఎప్పుడూ తేడాగా వచ్చేది.

కారణం సీసా అడుగే. అక్కడ గుంటలు, బుడిపెలు ఉంటాయి కాబట్టి మొదటి నీళ్లు మిల్లీమీటర్లలో సరిగ్గా తేలవు. గులకరాళ్లు వేసి, నిటారు భాగం మొదలయ్యేదాకా నీళ్లు పోసి అక్కడ సున్నా గీత పెట్టమన్న సలహా పనిచేసింది. మెడ కింద వంపు పూర్తయ్యే చోటే కోసి, మూత తీసిన ఆ ముక్కను గరాటులా తిరగేసి టేపు వేయాలి. పిట్టగోడ మూడడుగులైతే సీసా కనీసం ఆరడుగుల దూరంలో ఉండాలి, లేకపోతే ఏటవాలు జల్లు అందదు. సీసా వెడల్పు గురించి సాగిన చర్చ అనవసరం: నోరు, ఒళ్లు ఒకే వెడల్పుంటే చాలు.

వాతావరణ శాఖలాగే పొద్దున 8:30కి చూసి, సున్నా గీత దాకా వంపేయాలి. 2.5 మి.మీ. లేదా అంతకన్నా ఎక్కువ పడితే అది 'వాన రోజు'.

అసలు పాపను కట్టిపడేసింది మాత్రం కార్తెల పట్టిక. మృగశిర, ఆరుద్ర, పునర్వసు అని గడులు గీసి, ఏ కార్తెలో ఎంత కురిసిందో తనే రాస్తోంది. తడి మట్టిలో ఎర్రటి మఖమల్ ఆరుద్ర పురుగు కనిపిస్తే కాళ్లు లెక్కపెడుతోంది, ఎనిమిది. అగ్గిపెట్టెలో మాత్రం పెట్టనివ్వకండి, చచ్చిపోతాయి.