సంక్రాంతి సినిమా షో: లండన్‌లో ఏ హాలు తీసుకుందాం?

హాలు బాధ్యత:
అందరికీ నమస్కారం. అనుకున్నట్టే జనవరి రెండో వారం, 250 మంది, ఒకటే షో, హాలంతా మనదే. లిస్టులో మిగిలినవి అయిదు: వాటర్లూ బీఎఫ్ఐ ఐమాక్స్, లెస్టర్ స్క్వేర్ ఒడియన్ లక్స్, ఇల్ఫర్డ్ సినీవరల్డ్, ఫెల్తం సినీవరల్డ్, డాల్‌స్టన్ రియో. గ్రూపులో సగం మంది "తెర పెద్దదైతే చాలు" అంటున్నారు. నేను మాత్రం టైము చూస్తాను. లెక్క వేసుకోండి: జనం వచ్చి కూర్చోవడానికి 30 నిమిషాలు, స్వాగతం 10, సినిమా 170, ఇంటర్వెల్ 20, బయటికి రావడానికి 20. ఇదే 250 నిమిషాలు. ఊడ్చి అప్పజెప్పడానికి ఇంకో 20. అంటే మనకు కావలసింది నాలుగున్నర గంటలు. హాలువాళ్ళు "ఒక స్లాట్ ఇస్తాం" అంటే అందులో ఎన్ని గంటలో అడగకుండా సరే అనొద్దు. సాయంత్రం పూట నాలుగున్నర గంటలసేపు ఇవ్వాలంటే వాళ్ళకు దాదాపు రెండు షోలు పోయినట్టే, రేటూ అలాగే చెప్తారు. ఆదివారం పొద్దున పదింటికి అడిగితే బేరానికి వీలుంటుంది, ఆ టైముకి హాలు ఎలాగూ ఖాళీ.

ప్రొజెక్షన్, సౌండ్:
అన్నా, ఐమాక్స్ సంగతి నేను తేల్చేస్తాను. బీఎఫ్ఐ తెర 26 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల ఎత్తు. మన సినిమాలు ఎక్కువగా స్కోప్, అంటే వెడల్పు ఎత్తుకు 2.39 రెట్లు. 26ని 2.39తో భాగిస్తే 11 మీటర్లు కూడా రాదు. ఐమాక్స్ కోసం విడిగా ప్రింటు చేయని సినిమాని అక్కడ వేస్తే తెరలో దాదాపు సగం నలుపే. బొమ్మ పెద్దదే, కాదనను. కానీ ఆ తెర ఎత్తుకు కట్టే డబ్బులో సగం నలుపుకే పోతుంది. పైగా సీట్లు దాదాపు 500, మన 250 మంది అందులో పలచగా కనిపిస్తారు.

ఒడియన్ లక్స్ 1937 నాటి హాలు, 2018 చివర్లో బాగుచేసి "డాల్బీ సినిమా"గా, అంటే డాల్బీ వాళ్ళ ప్రత్యేక ప్రొజెక్షన్, సౌండ్ ఉన్న హాలుగా తెరిచారు. సీట్లు 800కి దగ్గర. నలుపు నిజంగా నలుపుగా కనిపించే హాలు అది. అయితే ఆ గొప్పంతా బయటపడాలంటే సినిమా రంగుల్ని డాల్బీ విజన్ అనే వాళ్ళ పద్ధతిలో గ్రేడ్ చేసి ఉండాలి, లేకపోతే మామూలు ప్రింటే మంచి ప్రొజెక్టర్ మీద చూసినట్టు. మన సంఖ్యకు మూడింతల హాలు, వదిలేద్దాం.

మామూలు మల్టీప్లెక్సుల్లో ఒక్క ప్రశ్న అడగండి: "స్కోప్ సినిమా వేస్తే పక్కనున్న నల్లగుడ్డలు జరిగి బొమ్మ వెడల్పవుతుందా, లేక పైనా కిందా నలుపు వచ్చి బొమ్మ తగ్గుతుందా?" ఒకే బిల్డింగులో రెండు రకాల స్క్రీన్లూ ఉంటాయి. రెండో రకమైతే సబ్‌టైటిల్స్ బొమ్మతోపాటు లోపలికి వస్తాయి, తెర చిన్నదైతే వెనక వరసల వాళ్ళు కళ్ళు చికిలించుకోవాలి. హాలు వాలు తక్కువగా ఉంటే ముందు వరస తల సరిగ్గా ఆ అక్షరాల మీదికే వస్తుంది. ఇక్కడే పుట్టిన పిల్లలు సబ్‌టైటిల్స్ చదివే సినిమా చూస్తారు, కాబట్టి వాళ్ళని మధ్య వరసల్లో కూర్చోబెడదాం.

ఇక సినిమా ఫైలుకుండే తాళం సంగతి. ప్రింటు డిజిటల్ ఫైలు, మూడు గంటల సినిమాకి 200 జీబీ దాకా ఉంటుంది. సర్వర్లోకి ఎక్కించడానికి టైము పడుతుంది, ముందురోజే ఎక్కించాలి. దాన్ని తెరిచే డిజిటల్ కీ (కేడీఎం అంటారు) ఒక్క సర్వర్‌కే, ఒక్క టైముకే పనిచేస్తుంది. స్క్రీన్ 4కి వచ్చిన కీ పక్కనున్న 5లో పనికిరాదు. పొద్దున మేనేజర్ "జనం తక్కువ, చిన్న స్క్రీన్‌కి మారుస్తాం" అన్నాడంటే కొత్త కీ కోసం పంపిణీదారు వెంట పడాలి, ఆదివారం ఆయన ఫోన్ ఎత్తాలి కదా. అందుకే స్క్రీన్ నంబరు ఒప్పందంలోనే రాయించండి. కొత్త సినిమాకి కీ షోకి కొన్ని గంటల ముందే తెరుచుకుంటుంది కాబట్టి ముందురోజు సినిమాని టెస్ట్ చేయలేం. ట్రైలర్‌కి తాళం ఉండదు. అదే సినిమా ట్రైలర్ వేయించి నిష్పత్తి, సౌండ్ చూసుకోవచ్చు. కీ సర్వర్లోకి చేరిందా, ఎన్నింటి నుంచి ఎన్నింటి వరకు అన్నది తెరమీద చూపించమనండి.

సౌండ్ పెంచి తగ్గించే డాల్బీ ఫేడర్‌లో 7 అసలు మట్టం. ఆ దరిదాపుల్లో ఒక్క అంకెకి మూడు డెసిబెల్స్‌కి పైచిలుకు. చాలాచోట్ల 5, 5.5 దగ్గర పెడతారు, అంటే అయిదు నుంచి ఏడు డెసిబెల్స్ తక్కువ. మన మిక్సింగ్‌కి అదే కాస్త బాగుంటుంది, పాటల్లో చిన్నపిల్లలు చెవులు మూసుకోకుండా ఉంటారు. ఖాళీ హాల్లో సరిపోయిన సౌండ్ 250 మంది కోట్లు వేసుకుని కూర్చున్నాక కొంచెం మెత్తబడుతుంది. టెస్ట్‌లో కాస్త ఎక్కువే అనిపించనీయండి.

పిల్లల విభాగం:
బాబాయ్ గారూ, హాలు బుక్ చేసే ముందే ఒక మాట. ఇండియా సర్టిఫికెట్ ఇక్కడ చెల్లదు, ఇక్కడి సెన్సారు సంస్థ బీబీఎఫ్‌సీ ఇచ్చిందే లెక్క. ఇండియాలో 2024 నుంచి యూఏ 7+, 13+, 16+ అని వచ్చాయి, పెద్దలు తోడుంటే పిల్లలు చూడొచ్చు. ఇక్కడ 12A అయితే 12 లోపు వాళ్ళు పెద్దవాళ్ళతో రావాలి. 15 వచ్చిందంటే 15 నిండనివాళ్ళకు అమ్మానాన్న పక్కనున్నా ప్రవేశం లేదు. రక్తం పారే ఫైట్ సీన్లున్న మన సినిమాకి 15 రావడం మామూలే. ఆ సర్టిఫికెట్ ఒక్కోసారి రిలీజుకి రెండు మూడు రోజుల ముందు వస్తుంది, అప్పటికి మనం కుటుంబం టికెట్లు అమ్మేసి ఉంటాం. తలుపు దగ్గర మేనేజర్ ఆపితే "హాలు మాదే కదా" అని వాదించే వీలు లేదు, లైసెన్సు వాళ్ళది.

నా సూచన: సంక్రాంతికి ఒకటి మాస్, ఒకటి ఇంటిల్లిపాదీ నవ్వుకునేది ఎలాగూ వస్తాయి. ఇద్దరు పంపిణీదారులతోనూ మాట్లాడి ఉంచుదాం. టికెట్ మీద సినిమా పేరు కాకుండా "సంక్రాంతి షో" అని, "15 వస్తే పిల్లల టికెట్ డబ్బు వాపసు" అని ఇప్పుడే రాద్దాం. ఇంకో సంగతి, రిక్లైనర్ సీట్లున్న స్క్రీన్ అయితే పిల్లలు మీట నొక్కి ఆడుకుంటారు, కాలు పెట్టే పలక కిందికి దిగేటప్పుడు చెయ్యి ఇరుక్కోవచ్చు. ప్రతి వరస చివరా ఒక వాలంటీర్ ఉండాలి. రిక్లైనర్లు పెడితే సీట్లు దాదాపు సగానికి తగ్గుతాయి, 250 పడతాయో లేదో అదీ చూసుకోండి.

రవాణా:
ఇల్ఫర్డ్‌కి ఎలిజబెత్ లైన్ ఉంది, స్టేషన్ నుంచి నడకే. ఈస్ట్ హామ్, బార్కింగ్ వాళ్ళకు ఇంటి పక్కనే. ఆదివారాలు మరమ్మతులంటూ రైళ్ళు ఆపేస్తారు, తేదీ ఖాయం చేసే ముందు చూడాలి. ఫెల్తం అయితే హౌన్‌స్లో, స్లౌ, రెడింగ్ నుంచి కార్లో వచ్చేవాళ్ళకు సుఖం. అలాంటి కాంప్లెక్సుల్లో పార్కింగ్‌కి గంటల పరిమితి పెట్టి కెమెరాలు బిగిస్తారు. మనకు నాలుగున్నర గంటలు కావాలి, బోర్డు మీద ఎంత రాసుందో ఎవరైనా ఫోటో తీసి పెట్టండి. లేదంటే సినిమా కంటే జరిమానా ఖరీదవుతుంది. లెస్టర్ స్క్వేర్, వాటర్లూ రెండూ కంజెషన్ ఛార్జి (కార్లో వెళ్తే కట్టే రుసుము) పరిధిలోవే. శని ఆదివారాల్లో మధ్యాహ్నం 12 నుంచి 6 దాకా పడుతుంది. శుక్ర, శనివారాల్లో పికడిల్లీ లైన్ రాత్రంతా నడుస్తుంది, ఆదివారం మాత్రం అలా లేదు.

తిండి, శుభ్రత:
సమోసాలు లోపలికి తీసుకెళ్ళనిచ్చేదెవరో నాకు అది చాలు. పెద్ద సంస్థల హాళ్ళలో వేడి తిండి బయటినుంచి తేనివ్వరు, వాళ్ళ పాప్‌కార్న్ కాంబోనే తలకింత అని కొనమంటారు. రియో స్వతంత్ర హాలు, 1937 నాటి భవనం, మెయిన్ హాల్లో 400 సీట్లు. అక్కడ మేనేజర్‌తో నేరుగా మాట్లాడొచ్చు, ఇంటర్వెల్‌కీ తిండికీ ఒప్పుకునే ఆశ అక్కడే ఎక్కువ. అయితే బాల్కనీకి మెట్లెక్కాలి, అమ్మమ్మలు తాతయ్యలు కింద కూర్చోవాల్సిందే.

మనమే పంచితే ప్రతి ప్యాకెట్ మీద అలర్జీ వివరాలు రాద్దాం. ఇక్కడి చట్టంలో 14 పదార్థాలున్నాయి, అందులో ఆవాలు ఒకటి! పులిహోరలో పోపు ఆవాలు, వేరుశనగపప్పు, జీడిపప్పు వేస్తే అప్పటికే మూడయ్యాయి. డబ్బా ఇంగువలో చాలావరకు గోధుమపిండి కలిపి ఉంటుంది, లేబుల్ చదవండి. అరిసెలకు నువ్వులు, నెయ్యి.

కాగితాలు చల్లడం మీద కచ్చితంగా మాట్లాడుకోవాలి. హీరో ఎంట్రీకి విసిరిన ముక్కలు రిక్లైనర్ కింది మోటార్ సందుల్లోకి దూరితే చీపురు అందదు, సీటు విప్పాల్సి వస్తే డిపాజిట్ పోయినట్టే. చిల్లర విసిరితే తెరకి గాటు పడుతుంది. ఆ తెర నిండా సౌండ్ కోసం సన్నటి రంధ్రాలుంటాయి, అతుకు వేస్తే అతుకు కనపడుతుంది. ఈలలకి మాత్రం ఎవరూ డబ్బులడగరు.

హాలు బాధ్యత:
సరే, బీఎఫ్ఐ, ఒడియన్ తీసేశాను. మిగిలిన మూడింటికీ ఒకే ప్రశ్నలు పంపుతున్నా: ఎన్ని గంటలు, ఏ స్క్రీన్ నంబరు, స్కోప్‌కి బొమ్మ ఏమవుతుంది, ఇంటర్వెల్‌కి షో ఆపి లైట్లు వేస్తారా, వీల్‌చెయిర్ స్థలాలు ఎన్ని. ఇంటర్వెల్ సంగతి ప్రత్యేకంగా అడగాలి. ప్రింటులో "విశ్రాంతి" కార్డు కొన్ని సెకన్లే ఉంటుంది, సర్వర్లో ముందే చెప్పకపోతే సినిమా ఆగకుండా వెళ్ళిపోతుంది. ప్రింటులో అది సరిగ్గా ఎన్నో నిమిషమో పంపిణీదారుని అడిగి ప్రొజెక్షన్ తమ్ముడు రాసివ్వాలి.

ఫెల్తంకు నేను ఫోన్ చేస్తా, ఇల్ఫర్డ్ రవాణావాళ్ళు, రియో తిండి అక్క. సభ్యుల పోస్ట్‌కోడ్లు ఎవరి దగ్గరున్నా తూర్పు ఎంతమంది, పడమర ఎంతమంది అన్న రెండంకెలు గురువారం లోపు ఇక్కడ పెట్టండి, పేర్లూ అడ్రసులూ వద్దు. పడమర 150 దాటితే ఫెల్తం, లేకపోతే రియో ఏమంటుందో చూసి రియోనో ఇల్ఫర్డో.